వెర్న్ కార్డు మీద రే మొహం

జనవరి 9, గురువారం

వెర్న్‌ని ఇవాళ హోమ్‌లో చేర్చాను. ఒకటే మంచు. అద్దం తుడిచే ఓపిక లేక గుప్పెడంత కన్నం గీకి, అందులోంచి చూస్తూ కారు నడిపాను. వెర్న్ పక్కనుంటే తిట్టేవాడే. పక్కనే ఉన్నాడు. తిట్టలేదు.

అక్కడ ప్రతి గది తలుపు పక్కన గోడకి ఒక గాజు పెట్టె ఉంది. ఎవరి గది వాళ్లు గుర్తుపట్టడానికి అందులో వాళ్ల ఫోటో పెడతారట. మా పెళ్లి ఫోటో తీసిపెట్టుకుని కూడా ఇంట్లోనే మర్చిపోయాను. మతిమరుపు జబ్బువాళ్ల వార్డుకి వెళ్తూ నేను మర్చిపోయాను. రేపు తెస్తానన్నాను.

జనవరి 10

టాన్యా అనే నర్సు. నోరు పెద్దది, మనసు మంచిది. నేను వెళ్లేసరికే పెట్టె నింపేసింది. కంప్యూటర్‌లో వెతికితే వెర్న్ బేస్‌బాల్ కార్డు దొరికిందట, పలకంత ప్రింట్ తీసి పెట్టింది. ఇంత ఆటగాడని ఒక్క ముక్కయినా చెప్పలేదేంటండీ, కుర్రతనంలో సినిమా హీరోలా ఉన్నాడు మీ ఆయన, అని మురిసిపోయింది.

ఆ కార్డు మీద ఉన్నది వెర్న్ కాదు.

జనవరి 11

నిద్ర రావడం లేదు, రాస్తాను.

1967లో ఫ్లోరిడా శిక్షణ శిబిరం. వెర్న్, రే డిట్‌మార్ ఒకే గదిలో ఉండేవాళ్లు. ఇద్దరూ బంతి విసిరే పిచర్లే. గమ్ పొట్లాల్లో ఆటగాళ్ల బొమ్మ కార్డులు పెట్టి అమ్మే బబుల్ గమ్ కంపెనీ ఫోటోగ్రాఫర్ వచ్చి కుర్రాళ్లని వరసలో నిలబెట్టాడు. వీళ్లిద్దరూ చొక్కాలు మార్చుకుని ఒకరి పేరు ఒకరు చెప్పారు. ఊరికే, నవ్వుకోవడానికి. ఆ వేసవిలో వెర్న్‌కి పెద్ద లీగ్ నుంచి పిలుపొచ్చింది, రేకి రాలేదు. చలికాలంలో ఒహాయోలో తడి రోడ్డు మీద రే కారు పల్టీ కొట్టింది. పోయాడు. మరుసటి వసంతంలో వెర్న్ కుచ్‌తా పేరుతో కార్డు వచ్చింది, రే మొహంతో. రే పేరుతో ఏ కార్డూ రాలేదు. వాళ్లమ్మ గమ్ పెట్టెలకి పెట్టెలు కొని, కొడుకు మొహం ఉన్న కార్డులన్నీ ఏరుకుందట. గమ్ అంతా వీధి పిల్లలకి పంచేసింది. ఆ వేసవికే వెర్న్ భుజం పోయింది. ఇంకో కార్డు లేదు. ఆ ఒక్కటే.

పాత కార్డులు పోగేసేవాళ్లకి ఇలాంటి తప్పు కార్డంటే ప్రాణం. ఇప్పటికీ పోస్టులో పంపుతుంటారు, స్టాంపు అంటించిన తిరుగు కవరుతో సహా, సంతకం పెట్టి పంపమని. వెర్న్ ఒక్కదాన్నీ వదిలేవాడు కాదు. సంతకం పెట్టి కింద ఎప్పుడూ ఒకే మాట రాసేవాడు. ఇది నేను కాదు. ఇన్నేళ్లయినా అంత కోపమెందుకని ఒకసారి అడిగాను. కోపం కాదే డాలీ, వాడి మొహం మీద నా పేరు గీకుతున్నాను, ఆ ఒక్క ముక్కయినా రాయకపోతే ఎట్లా, అన్నాడు.

జనవరి 14

వెర్న్ గదిలోకి అడుగు పెట్టనంటున్నాడట. గుమ్మంలో నిలబడి, ఇది నాది కాదు, రే గాడిది, వాడొస్తే నన్ను తంతాడు, అంటున్నాడట. తన మొహం తనకే తెలియడం లేదండీ, అంది టాన్యా దిగులుగా. కుర్ర డాక్టర్ అదే రిపోర్టులో ఎక్కించాడు. ఆయన చెప్పేది నిజమే బాబూ, ఆ ఫోటో ఆయనది కాదు, అన్నాను. డాక్టర్ చూపు చూస్తే నాకూ ఒక గది చూసి పెట్టేలా ఉన్నాడు.

పెళ్లి ఫోటో బ్యాగులోంచి తీయబోయాను. అంతలో వెర్న్ నా మోచెయ్యి పట్టుకుని, చూశావటే డాలీ, ఈ వెధవ ఇంకా నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు, అన్నాడు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే. ఫోటో మళ్లీ లోపల పెట్టేశాను.

జనవరి 23

రోజూ గుమ్మం దగ్గర అదే పేచీ. రోజూ నాకు పండగ. ఆ కాసేపూ మా ఆయన పూర్తిగా మా ఆయనే.

ఫిబ్రవరి 3

పేచీ పెట్టి పెట్టి అలసిపోతున్నాడు. నిన్న గుమ్మంలోనే కూలబడ్డాడట. ఫోటో తెస్తానన్నారు కదండీ, అని టాన్యా అడిగింది. కనిపించడం లేదన్నాను. బ్యాగులో లిప్‌స్టిక్ పక్కనే ఉంది. నేను మంచి మనిషిని కాదు.

ఫిబ్రవరి 18

నన్ను నర్సనుకున్నాడు. మాత్రలు ఇప్పుడే వేసుకున్నానమ్మా, అన్నాడు. కానీ కార్డు దగ్గర ఆగాడు. ఇది నేను కాదు, అన్నాడు. అది చాలు.

మార్చి 7, శుక్రవారం

చర్చిలో శుక్రవారం చేపల వేపుడు విందు. వెర్న్‌కి పొట్లం కట్టించి తీసుకెళ్లాను, ముట్టుకోలేదు.

విస్కాన్సిన్ నుంచి ఒకాయన కార్డు పంపాడు. 68లో వచ్చిన కార్డుల సెట్‌లో ఈ ఒక్క కార్డుకే సంతకం తక్కువట. కింద ఆ మాట కూడా తప్పకుండా రాయించమన్నాడు. వెర్న్ సంతకం పెట్టాడు, వంకరగా. కింద పెన్ను ఆనించి ఆగిపోయాడు. ఇక్కడ ఏదో రాస్తాను కదా, అన్నాడు. నా మొహంలోకి చూశాడు, పరీక్షలో పక్కవాడి కాగితం వంక చూసినట్టు. నాకు నోటిదాకా వచ్చింది. నేను చెప్పి రాయిస్తే అది నా మాట అవుతుంది. చెప్పలేదు. పెన్ను మూత జాగ్రత్తగా పెట్టి నా చేతికిచ్చాడు.

కార్డు అలాగే పంపేశాను.

మార్చి 8

వెళ్లలేదు. వెళ్లబుద్ధి కాలేదు.

మార్చి 17

విస్కాన్సిన్ ఆయన మళ్లీ రాశాడు. మర్యాదగానే. కింద మాట లేదే, సంతకం పెట్టింది నిజంగా ఆయనేనా, అని. నాకూ తెలియదు బాబూ.

మార్చి 20

వెర్న్ ఇవాళ ఆగకుండా గదిలోకి వెళ్లిపోయాడు. టాన్యా వెనక్కి పిలిచి, ఇదెవరు మిస్టర్ కుచ్‌తా, అని కార్డు చూపించింది. నేనే, అన్నాడు. వేరే ఎవరుంటారు, అని నవ్వాడు కూడా. టాన్యా చప్పట్లు కొట్టింది. డాక్టర్ మెరుగుపడిందని రాసుకున్నాడు.

బ్యాగులోంచి పెళ్లి ఫోటో తీసి ఇచ్చేశాను. పెట్టమ్మా, అన్నాను. జనవరిలోనే ఇవ్వాల్సింది. టాన్యా కార్డు తీసి అది పెట్టింది. నల్ల కోటులో వెర్న్, పక్కన నేను. వెర్న్ వంగి చాలాసేపు చూశాడు.

ఎవరో దంపతుల గదండీ ఇది, తప్పొచ్చాం, అని నన్ను కూడా వెనక్కి లాగాడు.

రేని మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

మార్చి 31, సోమవారం

బేస్‌బాల్ సీజన్ మొదలైంది. హాల్లో టీవీ పెట్టారు. పక్కన కూర్చున్నాను. మీరెవరండీ, అని అడిగాడు. వెర్న్ భార్యని, అన్నాను. మొహం వెలిగిపోయింది. వెర్న్ గాడి భార్యా, వాడు కనపడి ఎన్నాళ్లయిందో, ఒకసారి వచ్చి పొమ్మనండి, అన్నాడు.

చెప్తానన్నాను.