ఏడో కిటికీ దగ్గర చెప్పిన అబద్ధం

ముంబయి అమెరికా కాన్సులేటులో వలస వీసాలు చూచే అధికారి వారి సముఖమునకు,

శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం పట్టణ నివాసి, చేనేత కార్మికుడు, వయస్సు 44, జింకా ఆదెన్న వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా భార్య సునంద నా కొరకు పెట్టిన వీసా దరఖాస్తు – గత నెల 14వ తేదీ ఇంటర్వ్యూలో నేను ప్రమాణం చేసి మరీ చెప్పిన అబద్ధం – సదరు అబద్ధమును వెనక్కి తీసుకొనుట – గురించి.

అయ్యా,

కిటికీ అవతల కూర్చున్నది అమ్మగారని మరిచిపోలేదు. అర్జీ అన్న తర్వాత 'అయ్యా' అనే మొదలుపెట్టవలెనని మా నాయన నేర్పినందున అట్లే వ్రాస్తున్నాను. అమ్మగారు మన్నించగలరు.

సదరు తేదీన ఉదయం పది గంటల ప్రాంతంలో నేను ఏడో కిటికీ ముందు కుడిచేయి ఎత్తి, నిజమే చెప్తానని ప్రమాణం చేసినాను. చేయి దించిన పావుగంటలోపే అబద్ధమాడినాను. తమరు ఫైలు ఆపి, నా మాటకూ కాగితాలకూ తేడా ఎందుకు వచ్చిందో రాతపూర్వకంగా తెలుపుకొమ్మన్నారు. తెలుపుకొంటున్నాను.

1. నా భార్య సునంద వృత్తిరీత్యా నర్సు. ఏడేళ్ల క్రితం మా అమ్మ భద్రమ్మ తుంటి ఎముక విరిగి అనంతపురం ఆసుపత్రిలో నలభై రోజులు పడి ఉన్నప్పుడు, అమ్మను పక్కకు తిప్పింది, తల దువ్వింది, అమ్మ చేత తిట్లు తిన్నది ఈ సునందే. అప్పటికి నాకు ముప్పై ఏడేళ్లు, పెళ్లి కాలేదు. మా వైపు మగ్గం గుంతలో కూర్చొనే వానికి పిల్లనివ్వరు. చూడబోయిన ప్రతి ఇంట్లోనూ "పిల్లోడు మంచోడే, కానీ మగ్గం కదప్పా" అని కాఫీ ఇచ్చి సాగనంపినారు. ఇది అర్జీలో ఉండవలసిన సంగతి కాకపోవచ్చు. నా పిరికితనం ఎక్కడ మొదలైనదో తమరికి తెలియవలెనని వ్రాసినాను.

2. సునందకు అంతకు ముందే పెళ్లయినది. భర్త పేరు కేశవ. సోమందేపల్లిలో మగ్గం నేసేవాడు. పెళ్లయిన మూడో ఏడు విషజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయినాడు. అతని మరణ ధ్రువపత్రం తమ ఫైలులో ఉన్నది. అది జతపరచినది సునందే. దరఖాస్తులో 'పూర్వ వివాహము' అన్న గడిలో అతని పేరు, తేదీలు తప్పు లేకుండా నింపినది కూడా ఆమే.

నాతో పెళ్లి మాట వచ్చిన రోజే ఆమె చెప్పింది: "చూడప్పా, ఆయన ఫోటో నాతోనే ఉంటాది. దాన్ని పెట్టెలో దాచిపెట్టమని మాత్రం ఎప్పుడూ అడగొద్దు."

అడగనన్నాను. అయితే వేరొకటి అడిగినాను. ఈ సంగతి మా వీధిలో చెప్పవద్దని. పిల్ల దొరక్క దొరక్క మొగుడు పోయినామెను చేసుకున్నాడు అంటారని నా భయం. ఆమె, "నువ్వు చెప్పకుంటే చెప్పకపో. నన్నెవరన్నా అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పను" అన్నది. పెళ్లి పత్రికలో ఆమె పేరు ముందు 'చి.ల.సౌ.' అని నేనే అచ్చు వేయించినాను, తొలిపెళ్లి అనుకోవాలని. ఆమె పత్రిక చదివి, మడిచి, సంచిలో పెట్టుకున్నది.

3. నాడె గురించి. మగ్గం మీద పడుగు పోగుల నడుమ అటూ ఇటూ పరిగెత్తుతూ పేక పోగును మోసేదాన్ని మేము నాడె అంటాము. నాలుగేళ్ల క్రితం, అమెరికాలో ఉద్యోగం వచ్చి బయలుదేరే ముందు, సునంద ఒక పాత నాడెను తువ్వాలలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. కేశవ వాడినది. అతని బొటనవేలు పడి పడి ఒక పక్క నున్నగా గుంత పడి ఉన్నది.

"పెట్టెలో ఊరికే పడుంటే పురుగు కొట్టి పోతాది. పని చేసే చేతిలో ఉండనీ" అన్నది.

రెండేళ్ల క్రితం ఆమె సెలవు మీద వచ్చినప్పుడు కదిరి నరసింహస్వామి గుడిలో మా పెళ్లి జరిగినది. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర నేను నేసినదే, ఆ నాడెతోనే. నా బొటనవేలు కూడా ఆ గుంతలోనే సరిగ్గా కూర్చున్నది. ఇది తమరు దయతో గుర్తు పెట్టుకోవలెను, ఎందుకనగా ఐదో అంశంలో నేను ఏమన్నానో వ్రాయబోతున్నాను.

4. ప్రయాణం గురించి. పెళ్లికి సాక్ష్యాలు తెమ్మని తమ ఉత్తరంలో ఉన్నందున, ఫోటోలతో పాటు ఆ పెళ్లిచీరను కూడా అమ్మ దగ్గర అడిగి తీసుకొని ధర్మవరంలో రైలెక్కినాను. మా వాళ్లకు చీర చూపిస్తే ఎవరి చేతి నేతో చెప్పగలరు. తమరూ చెప్పగలరనుకున్నాను. ఇరవై గంటల పైచిలుకు ప్రయాణంలో చీర సంచి తల కింద పెట్టుకొని పడుకున్నాను. తమ గేటు దగ్గర కాపలా మనిషి సంచి విప్పి, చీర చూసి, నన్ను చూసి, నవ్వి, కాగితాలు తప్ప ఏదీ లోపలికి పోదన్నాడు. తప్పు అతనిది కాదు.

అక్కడే మా ఊరి పట్టు షావుకారు దేవేంద్ర గారు కనిపించినారు. నా మగ్గానికి పట్టు ఇచ్చేది వారే. వారి కూతురు ఆశ్రితకు కూడా ఆ రోజే, భర్త దగ్గరికి పోయే వీసా ఇంటర్వ్యూ. ఇంత పెద్ద ముంబయిలో మా వీధి మనిషి కనబడితే సంతోషించవలసినది. మా వీధి చెవులు ఇక్కడికీ వచ్చినాయే అనుకున్నాను. చీర సంచి ఆయన చేతికి ఇచ్చి లోపలికి పోయినాను. ఆశ్రిత నా వెనకే వచ్చింది.

5. సంగతి ఇది. తమరు నన్ను పిలిచినప్పుడు ఆశ్రిత నా వెనక మూడో కుర్చీలో ఉన్నది. తమ పక్కనున్న తెలుగాయన మైకులో, ఊరంతా వింటున్నదేమో అని నాకు అనిపించేంత గట్టిగా, "మీ భార్యకు ఇది మొదటి వివాహమేనా?" అని అడిగినారు.

"అవును సార్, మొదటిదే" అన్నాను.

తమరు ఫైలు తిరగేసినారు. ఆయన మళ్లీ అడిగినారు: "మరి కేశవ అంటే ఎవరు?"

వెనక కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. అయ్యా, అప్పుడు నేను తల ఎత్తి, "ఆ పేరు మనిషి ఎవరో నాకు తెలియదు సార్" అన్నాను.

తెలియదట! ఏడేళ్లుగా తెలిసిన పేరు. నాలుగేళ్లుగా పొద్దున లేస్తే అతని నాడె పట్టుకోకుండా నాకు పూట గడవదు. సునందను నేను ఒక్కనాడూ చేయెత్తి కొట్టలేదు, ఒక్క మాట తూలనాడలేదు అని గర్వంగా చెప్పుకొనేవాణ్ణి. ఆ ఒక్క మాటతో అన్నీ చేసినవాడినైనాను. తమరు నా వైపు చూచిన చూపు నాకింకా గుర్తున్నది. దొంగను చూచినట్లు చూచినారు. సరిగ్గానే చూచినారు.

6. ఈ అంశం వ్రాయడానికి చేయి రావడం లేదు. వ్రాస్తాను.

తిరుగు రైల్లో ముగ్గురం ఒకే పెట్టెలో పడినాము. ఆశ్రితకు వీసా వచ్చింది. ఆ పిల్ల సంతోషంగా లేదు, నా మొహం చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నది. షోలాపూరు దాటినాక దేవేంద్ర గారు చీర సంచి నా ఒళ్లో పెట్టి మెల్లగా అడిగినారు.

"ఏమప్పా ఆదెన్నా, పాప చెప్పింది. ఎందుకట్ల చెప్తివి?"

నేను సంచి ముడి విప్పి మళ్లీ కట్టినాను.

"కేశవ యాడ నేసినాడనుకున్నావ్? సోమందేపల్లిలో మా మగ్గం మీదనే. వాని మూడో దినానికి పోయినోణ్ణి నేను. నీ పెళ్లికి వచ్చి అక్షింతలు వేసినప్పుడు ఆ అమ్మిని గుర్తుపట్టలేదనుకున్నావా?"

"ఇంకెవరికి తెలుసు అన్నా?" అన్నాను.

"ఎవరికి తెలీదో అడుగు! మీయమ్మే కదప్పా నీళ్ల ట్యాంకరు కాడ అందరికీ చెప్పి పెట్టింది. 'నా కోడలు ఒకసారి ఏడ్చి వచ్చిన బిడ్డ. ఎవురన్నా నోరు జారితిరంటే నా నోరు చూస్తారు' అనింది. నీకు నామోషీ అని తెలిసి నీ ముందర ఎవురమూ ఎత్తలేదు, అంతే."

పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగిన సామెత మా అమ్మ నాకు చిన్నప్పుడు వంద సార్లు చెప్పి ఉంటుంది. ఆ పిల్లి నేనే. వీధి వీధంతా రెండేళ్లుగా నా పరువు కాపాడుతూ ఉంటే, నేను ముంబయి దాకా పోయి, ఎవరూ అడగని పరువు కోసం ఇంట్లో మనిషిని కాదన్నాను. గుంతకల్లు వచ్చేదాకా తల ఎత్తలేదు.

ఇంటికి పోయి అమ్మను అడిగినాను, "అందరికీ నువ్వే చెప్పినావా?" అని.

"చెప్పక? దాచిపెట్టేదానికి ఆ పిల్ల ఏమన్నా దొంగతనం చేసిందా?" అన్నది. "నీకు సిగ్గు కదా, అందుకని నీకు చెప్పలా."

7. సునంద ఇంటర్వ్యూ అయిన రోజే ఫోను చేసి ఏమడిగినారని అడిగింది. "ఏదో కాగితం తక్కువైందంట, పంపమన్నారు" అన్నాను. అది రెండో అబద్ధం. "నేనే మరిచిపోయినానేమో, మళ్లీ చూస్తాను" అని ఆమె డ్యూటీ నుంచి వచ్చి నిద్ర మానుకొని కాగితాలన్నీ మళ్లీ వెదికింది. తప్పు తనదేమోనని నాకు రెండు సార్లు క్షమాపణ చెప్పింది. నన్ను చెప్పుతో కొట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. కేశవ నాడెను అప్పటి నుంచి ముట్టుకోలేదు. వేరేదానితో నేస్తున్నాను, పోగులు తెగుతున్నాయి.

కావున తమరికి చేతులు జోడించి మనవి చేసుకొనునది ఏమనగా:

(అ) సునంద ఇచ్చిన కాగితాలలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదని తమ ఫైలులో వ్రాయించవలెను. అబద్ధమంతా నా నోటిలోనిది.

(ఆ) నాకు వీసా ఇవ్వకూడదని తమరికి తోచినచో, 'మొగుడు అబద్ధాలకోరు' అని కారణం వ్రాయండి. 'పెళ్లి బూటకము' అని మాత్రం దయచేసి వ్రాయవద్దు. ఆ మాట ఆమె మీద పడుతుంది. ఆమె ఎవరినీ మోసం చేయలేదు, రెండు పెళ్లిళ్లలోనూ.

(ఇ) ఇది అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. నాకు ఆమె దగ్గరికి పోవాలని ఉన్నది అయ్యా. పెళ్లయిన రెండేళ్లలో మేము కలిసి ఉన్నది ఇరవై ఎనిమిది రోజులు. మళ్లీ ఏడో కిటికీకి పిలిపించి, అదే ప్రశ్న, అదే మైకులో, ఇంకా గట్టిగా అడిగించగలరు. ఈసారి వెనక కుర్చీల్లో మా వీధంతా కూర్చున్నా సరే.

ఈ అర్జీని అనంతపురంలో కలెక్టరాఫీసు దగ్గర టైపు సెంటరు నడిపే అరుణజ్యోతి గారు ఇంగ్లీషులోకి మార్చి ఇస్తామన్నారు. "అన్నా, రెండు పేరాలు చాలు, ఈ నాడె, చీర ఇవన్నీ వాళ్లకెందుకు?" అన్నారు. అన్నీ ఉండాలన్నాను. పంపే ముందు దీన్ని సునందకు ఫోనులో మొత్తం చదివి వినిపిస్తాను. తమరికి చెప్పి ఆమెకు చెప్పకపోతే అది మూడో అబద్ధమవుతుంది.

తప్పు ఒప్పుకొన్నవాని మాటగా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆ మాటకు తగినవాడో కాదో తమరే చెప్పవలసినవాడు,
జింకా ఆదెన్న

తా.క.: పైదంతా సునందకు చదివి వినిపించినాను. చివరిదాకా విన్నది. ఫోను పెట్టేసింది. తొమ్మిది రోజులు ఫోను లేదు. అమ్మ నాకు అన్నం పెట్టి పక్క గదిలోకి పోయేది, నాతో కూర్చొనేది కాదు. అర్జీ పంపకుండా దగ్గరే పెట్టుకున్నాను.

నిన్న పొద్దున ఆమె గొంతు రికార్డు చేసి పంపింది. ఇంతే ఉన్నది: "అందరికీ గారు పెట్టి రాసినావు. షావుకారుకు గారు, టైపు చేసే ఆమెకు గారు. ఆయన్ను మాత్రం ఉత్త కేశవ అని రాసినావు. గారు పెట్టు. పెట్టి పంపు. మిగతాది నువ్వు వచ్చినాక మాట్లాడతా."

దిద్దుబాట్లు ఉంటే కాగితం మీద అనుమానం వస్తుందని అరుణజ్యోతి గారు చెప్పినందున పైన దిద్దలేదు. ఆ పేరు ఎక్కడ కనబడినా తమరు కేశవ గారు అని చదువుకోవలెను. ఆ 'గారు'కు ఇంగ్లీషులో సరైన మాట లేదని అరుణజ్యోతి గారు అంటున్నారు. ఏదో ఒకటి పెట్టమన్నాను, ఆ చోటు ఖాళీగా మాత్రం వదలవద్దని చెప్పినాను.