కర్వ్ విరగ్గొట్టిన మహానుభావుడు

నవంబరు 11, సాయంత్రం

ఈ డైరీ ఎప్పుడైనా ఎవరి చేతికైనా చిక్కితే, వారికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. విజ్ఞాన శాస్త్రానికీ, మా డిపార్ట్‌మెంటు పరువుకీ, ఇవాళ సమాధానం పేరుతో నేను నానా మాటలూ అన్న హైడ్రోజన్ పరమాణువుకీ, దానికున్న ఒక్కగానొక్క ఎలక్ట్రానుకీ నా హృదయపూర్వక క్షమాపణలు. ఇక మీద రాయబోయేదంతా ఘోరం. అందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదు.

అడ్వాన్స్‌డ్ క్వాంటమ్ మెకానిక్స్ పరీక్ష అయింది. ఐదు ప్రశ్నలు. మొదటిది అర్థం కాలేదు. రెండోది చదివాక మొదటిదే నయమనిపించింది. మూడోది ‘చూపించుము’ అని మొదలైంది. నేనేం చూపించాలో తెలియలేదు గానీ, సార్ మాత్రం నాకు చుక్కలు చూపించారు. మేమంతా పెన్ను కొరుకుతుంటే ఆయన ముందు కుర్చీలో కూర్చుని, మాకిచ్చినటువంటి ఆన్సర్ షీటు మీదే హాయిగా ఏదో రాసుకుపోతున్నారు. రాక్షసానందం అంటే అదే కాబోలు.

తర్వాత క్యాంటీన్‌లో ఏడుపుల పోటీ. నాకు రెండు ప్రశ్నలు పోయాయని ఒకడంటే, నాకు మూడు పోయాయిరా అని ఇంకొకడు గర్వంగా కాలర్ సర్దుకున్నాడు. ఏడవనిది అక్క ఒక్కతే. ఐదేళ్లు ఉద్యోగం చేసి మళ్లీ చదువుకోవడానికి వచ్చింది కాబట్టి క్లాసంతటికీ అక్క. కాఫీ తాగి, కప్పు పక్కన పెట్టి, లేచి వెళ్లిపోయింది. ఇది నేను నోట్ చేసుకున్నాను.

మాకున్న ఒకే దిక్కు గ్రేడింగ్ కర్వ్. క్లాసులో టాపర్ మార్కును వందగా లెక్కేసి, మిగతా అందరినీ అదే నిష్పత్తిలో పైకి లేపుతారు. నలభైకి చేరితే పాస్. అంటే ఎవడూ బాగా రాయకపోతే అందరూ బాగా రాసినట్టే. ఇంత ధర్మబద్ధమైన ఏర్పాటు ఈ సృష్టిలో మరొకటి లేదు.

నా రూమ్మేటు బావ ఈ పేపరు రాయడం ఇది మూడోసారి. నాకేమీ బావ కాడు. కనిపించిన ప్రతివాణ్ణీ బావా అంటాడు కాబట్టి ఆ పేరు వాడికే తగులుకుంది. ఈసారీ తప్పితే పేరు కొట్టేసి ఇంటికి పంపించేస్తారు. ముప్పై వస్తాయేమో బావా అన్నాడు, గోళ్లు కొరుక్కుంటూ. టాపర్ డెబ్భై ఐదు దాటకపోతే నువ్వు గట్టెక్కినట్టేరా అని నేను లెక్క కట్టి చెప్పాను. వాడు రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

నవంబరు 12

పేపర్ల కట్ట సార్ గది నుంచి రీసెర్చ్ స్కాలర్ అన్న గదికి చేర్చాను. దిద్దేది అన్నే. పేపర్ల మీద పేర్లుండవు, మాకు చీటీల మీద ఇచ్చిన కోడ్ నంబర్లే ఉంటాయి. క్లాస్ రిప్రజెంటేటివ్ అంటే మూటలు మోసేవాడికి పెట్టిన ముద్దుపేరు.

నవంబరు 15

టాపర్‌కి యాభై రావని క్యాంటీన్ ఏకగ్రీవ తీర్మానం. మమ్మల్ని చూసి మేమే ఇంత గర్వపడటం ఇదే మొదటిసారి.

నవంబరు 19

కొంప మునిగింది.

నోటీసు బోర్డు మీద కోడ్ నంబర్లూ మార్కులూ పెట్టారు. ఎవరిదో ఎనభై ఎనిమిది! దాని తర్వాతది అరవై రెండు. ఆ కిందంతా మాలాంటి సామాన్య ప్రజానీకం.

బావకి ముప్పై ఒకటి. కర్వ్ లేపితే ముప్పై ఐదు. ఫెయిల్.

వాడు సరేలే బావా అన్నాడు. గదికొచ్చి కెటిల్ తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. నా గుండె కలుక్కుమంది. నా ఉదయాలన్నీ ఆ కెటిల్ మీదే నడుస్తున్నాయి. సరే, ఒప్పుకుంటాను, కెటిల్ గురించి మాత్రమే కాదు.

నవంబరు 20

కర్వ్ విరగ్గొట్టిన మహానుభావుణ్ణి పట్టుకోవడానికి విచారణ సంఘం వేశాను. చైర్మన్ నేనే. నన్ను నేనే ప్రతిపాదించుకుని, నేనే బలపరిచాను.

చీటీ చూపించమంటే ఒక్కరూ చూపించరు. చూపిస్తే మార్కులు బయటపడతాయి కదా! లెక్కల విభాగం మాత్రం అద్భుతంగా పనిచేసింది. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ అనే సిగ్మా మూడు దశాంశాల దాకా తీశాం. ఎనభై ఎనిమిది అనేది సగటుకి మూడున్నర సిగ్మాల అవతల ఉంది. అంత దూరంలో మనుషులు నివసించరు. అక్క తప్ప.

వెళ్లి అడిగాను. నాది అరవై రెండురా అంది. మరి చీటీ చూపించు అన్నాను. నా మాట చాలనివాడికి నా చీటీ ఎందుకురా, పో అవతలికి అంది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.

నవంబరు 21

బావ పెట్టె సర్దడం ఆపి, నేల మీద బోర్లా పడుకుని సగటు మళ్లీ లెక్క వేశాడు. మా జవాబు రాలేదు. మూడు దశాంశాల దాకా సగటు తీసిన నాకు నవ్వాగలేదు. చూస్తే, ఇరవై మూడుతో భాగించాడు. లిస్టులో ఇరవై నాలుగు మార్కులున్నాయి కదరా మొద్దూ అన్నాను.

మనం ఇరవై ముగ్గురమే కదా బావా అన్నాడు.

క్లాసులో ఇంతమంది భావి శాస్త్రవేత్తలం, మనుషుల్ని లెక్కపెట్టినవాడు లేడు.

నవంబరు 22

నేను, బావ, అక్క కలిసి సార్ గదికి వెళ్లి, లిస్టులో ఒక నంబరు ఎక్కువుందని చెప్పాం. సార్ స్కాలర్ అన్నకు కబురు పెట్టి ఎనభై ఎనిమిది వచ్చిన పేపరు తెప్పించారు. కోడ్ రాసి లేదు సార్, ఎవరో మర్చిపోయారనుకుని నేనే ఒక నంబరు వేశాను అన్నాడు అన్న.

సార్ కళ్లజోడు పెట్టుకున్నారు. తీశారు. తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

అది ఆయన రాతే. పరీక్ష హాల్లో రాసుకున్న మోడల్ ఆన్సర్స్.

మెల్లిగా మెడ చాచి చూశాను. సార్ ‘ఇది స్పష్టమే’ అని రాసిన చోట ‘ఎవరికి?’ అని ఎర్ర సిరా. ‘సులభంగా రాబట్టవచ్చు’ అన్న చోట ‘అయితే రాబట్టు’. చివరన ‘చేతిరాత మెరుగుపడాలి. కష్టపడితే పైకొస్తావు’.

అన్న మొహం సున్నం కొట్టినట్టయింది. సార్ నాలుగో ప్రశ్న మీద వేలు పెట్టి, ఇక్కడ మెథడ్ కరెక్టే కదా, రెండు మార్కులైనా వేయొచ్చు కదయ్యా అన్నారు. అచ్చం మేము అడిగే గొంతుతోనే. కంగారులో అన్న, రీవాల్యుయేషన్‌కి అప్లై చేసుకోండి సార్ అనేశాడు.

టాపర్ ఇప్పుడు అరవై రెండు. అక్క చీటీ తీసి, అడక్కుండానే నా మొహం ముందు ఆడించింది. బావకి ముప్పై ఒకటి అంటే యాభై. పాస్! వాడు సార్‌ని కూడా బావా అని పిలిచి నాలుక కరుచుకున్నాడు. వరండాలో అక్క, ఏంట్రా చైర్మనూ, నీ కమిటీ రిపోర్టు ఎప్పుడు అంది. తప్పైపోయిందక్కా అన్నాను. వారం రోజులు కాఫీ నువ్వే తెచ్చివ్వాలి అంది. తెచ్చిస్తాను.

ఆ పేపరు కట్టలోకి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. సార్ ఇంకా ఆ రెండు మార్కుల దగ్గరే ఉన్నారు.

నవంబరు 23

కెటిల్ మళ్లీ కిటికీ దగ్గరకొచ్చింది.

12వ తేదీన కట్ట తీసుకుంటుంటే సార్ బల్ల చివర ఒక ఆన్సర్ షీటు విడిగా కనిపించింది. కోడ్ లేదు. రాత ఘోరం. ఇంత మతిమరుపు, ఇంత కోడిగీతలు బావవే అనుకున్నాను. ఇది కూడా పోతే వాడి గతేం కాను అని, ఎవరూ చూడకుండా కట్ట మధ్యలో జాగ్రత్తగా దూర్చింది నేనే.