ఇసుకరాయిలో నీళ్లు

జూన్ 14. పొద్దున్నుంచీ వడగాలి. చొక్కాలు రెండూ ఉతికి తీగ మీద ఆరేశాను.

అక్కా,

మీ ఊరి పక్కన చమురు కోసం తవ్విన బావిలోకి పోయిన వారం కొలత పరికరం దింపాం. అది గీసిన గీతలు చూసి, ఏ లోతున ఏ రాయి ఉందో, దాని సందుల్లో ఏముందో అంచనా కట్టడమే నా పని. ఒకచోట బంకమన్ను కింద ఇసుకరాయి తగిలింది. అది కరెంటును గట్టిగా అడ్డుకుంటోంది. ఉప్పునీరుంటే అలా అడ్డుకోదు.

"చమురే గురూ! పార్టీ ఎప్పుడు?" అని డ్రిల్లరు గంతులేశాడు.

మంచినీళ్లున్నా గీత అలాగే వస్తుంది. అందుకే నమూనా తీయించాను. నీళ్లే వచ్చాయి.

"నీ నోట ఒక్క మంచిమాట రాదేం?" అని డ్రిల్లరు ముఖం మాడ్చుకున్నాడు.

ల్యాబువాళ్లు తాగడానికి బాగున్నాయన్నాక ఒక గుక్క తాగాను. తియ్యగా ఉన్నాయక్కా.

నీళ్లకోసం ఈ బావి కావాలని మీ మున్సిపాలిటీ అడగకపోతే శనివారం బావిని సిమెంటుతో మూసేస్తారు. కమిషనరు ముందు నాకు నోరు పెగలదు. నీ నోటికి జడిసి ట్యాంకరు డ్రైవరు అడక్కుండానే రెండో బిందె నింపుతాడట, బావ చెప్పాడు. రేపే కమిషనరు దగ్గరికి వెళ్లు. ఈ ఉత్తరంతోపాటే సీసాలో ఆ నీళ్లు పంపుతున్నాను. ఆయనకు చూపించే ముందు నువ్వు తాగు. నీ నడుముకు ఆ బిందెల బరువు తప్పితే నాకంతే చాలు.

బయట దుమ్ము లేస్తోంది. చొక్కాలు ఇంకా తీగ మీదే...