అందరికంటే ముందు లెక్కించిన ఓటు

అత్తమ్మా,

ఈరోజు పార్లమెంటు ఓట్లు లెక్కపెట్టారు. పోయిన నెల, బాగా పెద్దవాళ్లు ఇంట్లోనే ఓటెయ్యొచ్చని ఎన్నికల వాళ్లు మనింటికే వచ్చి ఓటు ఎవరికీ కనబడకుండా నీ మంచం పక్కన అట్టపెట్టె అడ్డం నిలబెడితే, "జరుగున్రి, నా ఓటు మీకెందుకు సూపిస్త?" అని నన్నూ నీ కొడుకునూ బయటికి వెళ్లగొట్టావు. వేశాక ఎవరికి వేసిందీ గల్లీ అంతా వినేలా నువ్వే చెప్పావనుకో.

నీ ఓటు పెట్టి అంటించిన కవరు లెక్కింపులో విప్పకముందే నువ్వు వెళ్లిపోయావు. మనిషి లేకపోయాక ఓటు చెల్లుతుందా అని నాకు ఒకటే అనుమానం. లెక్కింపుకి ఏజెంటుగా వెళ్తున్న నీ మరిది కొడుకు శంకర్‌ను నిన్ననే అడిగాను. "చెల్లుతది వదినా, ఫికర్ చెయ్యకు. అసొంటి ఓట్లే అందరికంటె ముందు లెక్కపెడ్తరు" అన్నాడు.

"నేనేసినోడు ఎన్నడన్న గెలిచిండా?" అని ప్రతి ఎన్నికకూ నవ్వేదానివి కదా. అందుకే టీవీలో మనవాడు ముందున్నాడన్నా నమ్మలేదు. మధ్యాహ్నం వెనకబడ్డాడు, మళ్లీ పుంజుకున్నాడు. చివరికి గెలిచాడని ప్రకటించాక కూడా రెండు చానళ్లు మార్చి చూశాను.

సాయంత్రం ఊరేగింపు హైవే దాటి మన గల్లీలోకి వచ్చింది. శంకర్ మన గేటు ముందు డప్పులవాళ్లను ఆపి అరిచాడు: "మా పెద్దమ్మ జిందగీల మొదటిసారి గెలిచింది, గట్టిగ కొట్టున్రి!"

నీ కొడుకు కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. నేను మాత్రం చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి ఉరికి, గులాల్ కళ్లల్లో పడుతున్నా, డప్పులు ఆగేదాకా ఎగిరాను.