మాటల్లో రాసిన కోడూరు లైను

మచిలీపట్నం,
18 ఫిబ్రవరి 2025

గౌరవనీయులైన యలమంద మావయ్య గారికి,

హారిక నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసాగా ఉన్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని, అత్తయ్య గారు బాగున్నారని తలుస్తాను.

ముందు శుభవార్త. శుక్రవారం రివ్యూలో మన ప్రాజెక్టుకు ఆమోదం వచ్చింది. మన అని ఎందుకంటున్నానంటే, కోడూరు కరెంటు లైను మొత్తం నాచేత రాయించింది మీరే కదా.

ఏ స్తంభం దగ్గర ఎంత వోల్టేజి ఉంటుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ మా కాలేజీ ల్యాబ్‌లో ఉండేది. సెప్టెంబరులో దాని లైసెన్సు అయిపోయింది, కొత్తది ఈ ఏడాది రాదన్నారు. ఉచితంగా దొరికేవి వెతికాను. ఒకటి నెల రోజులు పనిచేసి మూతపడింది. ఇంకొకదానికి ముందు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. మూడోది ఓపెన్‌డీఎస్‌ఎస్. అందులో లైను బొమ్మ గీయనక్కర్లేదు, రాయాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత దూరం, ఏ తీగ అని ఒక్కో ముక్కకు ఒక్కో వరుస. తీగను కూడా రాయవచ్చని నాకప్పుడే తెలిసింది.

మీరు లైన్‌మన్‌గా ముప్ఫై ఏళ్లు ఎక్కిన స్తంభాలను కాగితం చూడకుండా వరుసగా చెప్పుకుపోయారు. ఐసు ఫ్యాక్టరీ గోడ, విల్సన్ గారి చేను, మేత గొడౌను మలుపు. కంప్యూటర్‌లో నేనూ ఆ పేర్లే పెట్టాను. నంబర్లు అడిగితే, నంబరు చూసి ఎక్కితే పడతావమ్మాయ్, తీగ చూసి ఎక్కాలి అని నవ్వారు. అంత పని ఒక మనిషి నోట్లో అంత పొందికగా ఉండటం నేనెక్కడా చూడలేదు.

జనవరి రివ్యూలో మాత్రం లెక్క తప్పింది. రొయ్యల చెరువు దగ్గర మీరు మీటరు పెట్టి చూసినప్పుడు 352 వోల్టులు. నా లెక్కలో 394. ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ ఊసుపోక చెప్పిన జవాబమ్మా ఇది అన్నారు మా శామ్యూల్ రాజ్ సార్. అందరూ నవ్వారు. నెలలో లెక్క కలవకపోతే ప్రాజెక్టు మార్చుకోమన్నారు. మారిస్తే ఈ ఏడు డిగ్రీ చేతికి రాదు. అదంతా మళ్లీ చేత్తో లెక్కవేశాను. సాఫ్ట్‌వేర్ తప్పు లేదు. చివరికి ఒక్క వరుస మార్చితే 354 వచ్చింది. సార్ కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూసి, జూనియర్లకు ఇది నువ్వే నేర్పు అన్నారు.

అత్తయ్య గారికి నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ దగ్గర పాఠం నేర్చుకున్న
హారిక

తా.క.: ఫోనులో చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాశాను. కాలవ దాటాక చెరువు దాకా సన్నతీగే ఉంది, తుపానప్పుడు చేతికందింది లాగి కట్టేశాం, మళ్లీ ఎవడూ మార్చలేదు అని మీరు చెప్పారు. కరెంటాఫీసు మ్యాపులో లావుతీగ ఉంది. నేను మ్యాపునే నమ్మి రాశాను. జనవరిలో సార్ మీ రీడింగు సంగతి అడిగితే, పెద్దాయన కదా సార్, పొరపాటున తప్పు చూసుంటారు అన్నాను. సాఫ్ట్‌వేర్‌ను కాపాడుకోవడానికి తప్పు మీ మీద వేశాను. తర్వాత మీకు చెప్పకుండా బస్సెక్కి వచ్చి, కాలవ గట్టున నిలబడి చూశాను. సన్నతీగే. వోల్టేజి అంతగా పడిపోయేది అందుకే, నేను మార్చిన ఆ ఒక్క వరుస అదే. మీ వీధి మొదటి దాకా వచ్చి, ముఖం చెల్లక తిరిగిపోయాను. మొన్న శుక్రవారం కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మార్చి పదిన ఆఖరి రివ్యూ. మీరు వస్తే, తప్పు నాదని మీ ఎదుటే అందరికీ చెబుతాను. రాకపోయినా చెబుతాను.