గోలీలకు లైన్ క్లియర్

గోలీల గొట్టాల సెట్టు తయారుచేసే కంపెనీ వారికి,

రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాడు నమస్కరించి రాయునది. మా మనవరాలి కోసం మీ సెట్టు కొని, గొట్టాలు నేనే బిగించాను. పైన గరాటులో గోలీ వేస్తే మెలికలు తిరుగుతూ వచ్చి కింద తొట్టెలో పడుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ నిన్న మీ బొమ్మ వల్ల మా ఇంట్లో ఘోర ప్రమాదం జరిగింది. రెండు దారులు కలిసేచోట సిగ్నలు లేదు, గేటు లేదు, అడిగే నాథుడు లేడు! పిల్ల ఏడ్చి గోల పెట్టింది. తక్షణం విచారణ జరిపించగలరు.

ఇట్లు,
రిటైర్డ్ స్టేషన్ మాస్టరు

తా.క.: పిల్లని మచ్చిక చేసుకుందామని కొన్నాను. ఇప్పుడు నన్ను చూస్తే చాలు, అమ్మమ్మ వెనక్కి నక్కుతోంది.

*

గౌరవనీయులైన మాస్టారికి,

మీ ఉత్తరం చదివి ఆఫీసంతా హడలిపోయాం. పాపకి దెబ్బ ఎక్కడ తగిలింది? డాక్టరుకి చూపించారా? మా మేనేజరు గారు ఆ సెట్టు అమ్మకమే ఆపించేశారు. దారులు కలిసేచోట ఇరుకై ఉంటుందని వెడల్పాటి గొట్టాలూ, ఇంకో రెండు గరాటులూ ఊరికే పంపుతున్నాం. దయచేసి పాప ఎలా ఉందో వెంటనే రాయండి.

ఇట్లు,
ఫిర్యాదులకు జవాబులు రాసే అమ్మాయి

తా.క.: కంగారులో పార్సిలు మేనేజరు గారే కట్టారు. లోపల ఆయన కళ్లజోడు కనిపిస్తే తిప్పి పంపగలరు.

*

అమ్మాయికి ఆశీస్సులు.

పాప గుండ్రాయిలా ఉంది. దెబ్బ తగిలింది పాపకి కాదు, గోలీలకి. ఎర్రదీ నీలందీ గుద్దుకుని, నీలంది పట్టాలు తప్పి బీరువా కిందకి పోయింది. గాలింపు జరుగుతోంది.

పుండు మీద కారం చల్లినట్టు మీరు ఇంకో రెండు గరాటులు పంపారు. ఉన్న రద్దీకే దిక్కు లేదు. మా ఉద్యోగంలో ముందు బండి అవతలి స్టేషను చేరిందని కబురొస్తే గానీ వెనక బండిని వదిలేవాళ్లం కాదు. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాను. గరాటు దగ్గర నేను, తొట్టె దగ్గర మా ఆవిడ. ఆవిడ "చేరింది" అన్నాకే ఇంకో గోలీ. ఆవిడ పొయ్యి మీద పాలు చూడ్డానికి లేచిందా, రాకపోకలు బంద్! పిల్ల గుప్పిట్లో గోలీలు పట్టుకుని చూసి చూసి ఏడుపు లంకించుకుంటోంది. మీ సెట్టులో లోపం ఎక్కడుందో తేల్చండి.

ఎందుకింత తొందరంటే, మా అమ్మాయి ఉద్యోగంలో చేరుతోంది. పగలంతా పిల్ల మా దగ్గరుంటే బాగుండునని నా ఆశ. పిల్లకి ఇక్కడ నచ్చకపోతే పసిపిల్లల్ని చూసే చోట ఎక్కడైనా వదిలేస్తానంటోంది. కొన్నాళ్లు చూద్దామని పిల్లని మా దగ్గర వదిలి వెళ్లింది; వచ్చే వారం వచ్చి తేల్చేస్తుందట. నాకు అన్నం సయించడం లేదమ్మా.

ఇట్లు,
మాస్టరు

తా.క.: కళ్లజోడు దొరికింది. అది పెట్టుకుని చూస్తే మీ గొట్టాలు నిజంగానే వెడల్పుగా ఉన్నాయి.

*

మాస్టారూ, నమస్కారం.

పాప క్షేమమని చదవగానే మేనేజరు గారు కుర్చీలో కూలబడి, అందరికీ టీ తెప్పించారు. మాకు ప్రాణం లేచొచ్చింది.

చిన్నదాన్ని, చెబితే కోపగించుకోకండి. లోపం గొట్టాల్లో లేదు. గోలీలు గుద్దుకోవడమే ఆ ఆట! గుప్పెడు ఒక్కసారి పోస్తే గలగలమంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ దొర్లాలి. వాటిలో ప్రయాణికులెవరూ లేరండీ. మీరు ఒక్క పూట సెలవు పెట్టి పక్క గదిలో కూర్చోండి.

ఇట్లు,
జవాబుల అమ్మాయి

తా.క.: అమ్మమ్మగారికి కూడా సెలవివ్వండి. పాపం, పాలు పొంగిపోతాయి.

*

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు చెప్పినట్టే పక్క గదిలో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఇల్లు కూలినంత చప్పుడు. పరుగెత్తాను. డబ్బాలో గోలీలన్నీ ఒక్కసారే పోసేసింది! గది నిండా గోలీలు. అరవబోయాను. పిల్ల బిక్కమొహం వేసింది. ఆ మొహం చూశాక అరుపు మింగేసి, దొరికినన్ని ఏరి గరాటులో నేనే పోశాను. "మళ్లీ పొయ్యి తాతా!" అంది. నన్ను తాతా అనడం అదే మొదలు.

తలెత్తితే గుమ్మంలో మా అమ్మాయి. ఎప్పుడొచ్చిందో ఏమో, కళ్లు తుడుచుకుంటోంది. "నాన్నా, పిల్లకి నచ్చదని కాదు, భయపడింది నేనే" అంది. "చిన్నప్పుడు మేడ మెట్లు దిగాలన్నా, అన్నయ్య కింద చేరాడని అమ్మ కేకేస్తే గానీ నన్ను వదిలేవాడివి కాదు. ఇద్దరం కలిసి ఒక్కసారైనా పరుగెత్తామా?"

నేను ఇంకో నాలుగు గోలీలు ఏరి మా అమ్మాయి చేతిలో పెట్టాను. అది చెప్పులు విప్పి, నేల మీద కూర్చుని, తనూ ఒక గుప్పెడు పోసింది. "సోమవారం నుంచి దీన్ని ఇక్కడే వదులుతాను" అంది. అమ్మయ్య! ఇవాళ కడుపునిండా తిన్నానమ్మా.

ఇట్లు,
తాత

తా.క.: మా అబ్బాయికి ఫోన్ చేసి, "ఇక మీ ఇద్దరూ కలిసి మెట్లు దిగొచ్చురా" అన్నాను. "ఇప్పుడా చెప్పడం? నాకు మోకాళ్ల నొప్పులు" అన్నాడు.