లావణ్య వాళ్ల బొమ్మ

జూన్ 18, మంగళవారం

అంగన్‌వాడీ గోడ మీద బొమ్మలు వేసే పని దొరికింది. వనపర్తి నుంచి బండి మీద వచ్చాను. నాగర్‌కర్నూల్ దాటి, అడవి మొదలయ్యే చోట ఊరు. చిన్న పిల్లలకు అన్ని రకాల మనుషులూ తెలియాలట. పండుగలు, ఇళ్లు, బట్టలు అన్నీ గోడ మీద వెయ్యాలట. జర మంచిగ గియ్యి తమ్మీ, పోరగాండ్లు దినాం చూస్తరు అంది ప్రేమలత టీచర్. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఇప్పుడు పాఠం చెప్పేది నేనే. నవ్వొచ్చింది.

జూన్ 20

బతుకమ్మ, రంజాన్, క్రిస్మస్ బొమ్మలు అయిపోయాయి. నిచ్చెన పట్టడానికి గురవయ్య అనే ఆయన్ని పంపింది టీచర్. జీన్స్ ప్యాంటు, క్రికెట్ టోపీ. మాట తక్కువ.

చివరిది చెంచుల బొమ్మ. ఫోన్‌లో వెతికాను. నడుముకు ఆకులు, తలలో ఈక, చేతిలో విల్లు. పళ్లు నేనే పెద్దవి చేశాను, పిల్లలు నవ్వుతారని. ఎట్లుందన్నా అని కిందికి అడిగాను. మంచిగుంది అన్నాడు.

జూన్ 26

టీచర్ ఫోన్. లావణ్య అని నాలుగేళ్ల పిల్ల శనివారం నుంచి రావట్లేదట. పిల్లలు ఆ పిల్ల గౌను నిండా వేపాకులు కుక్కి, గోడ దగ్గరికి లాక్కుపోయి, గీడు మీ నాయిన అన్నారట. ఇంకో వారం గిట్లనే అయితే ఇగ రాదు తమ్మీ, చెంచోళ్ల పిల్ల, గురవయ్య బిడ్డ అంది.

ఏ గురవయ్య అన్నాను.

నీ నిచ్చెన వట్టినోడే అంది.

జూన్ 26, రాత్రి

ఎట్లుందన్నా అని నేనే అడిగాను. నేనే.

జూన్ 27

వాళ్లింటికి పోయాను. రేకుల ఇల్లు, పైన డిష్, దండెం మీద స్కూటర్ బొమ్మ ఉన్న చిన్న గౌను. లావణ్య తలుపు వెనక ఉంది. బయటికి రాలేదు.

తప్పయింది అన్నాను. వాళ్లమ్మ గౌరమ్మ అడిగింది, ఎవడు పిలగా ఆ గోడమీదోడు, యాడ సూసినవ్, మా తాత సుత అంగీ ఏసుకుంటుండె అని. ఫోన్‌లో చూశానని చెప్పలేకపోయాను.

అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా అని గురవయ్యను అడిగాను. నిచ్చెన మీదున్నవ్ గద, లొల్లి వెడితే పడ్తవని అన్నాడు.

చాయ్ ఇచ్చారు. తాగాను. తాగకుండా రావాల్సింది. తాగకపోతే ఇంకా తప్పయ్యేదేమో. తెలియదు.

జూన్ 28

ఆ బొమ్మ గీకేశాను. మూడుసార్లు సున్నం కొట్టాను. పళ్లు ఇంకా కనిపిస్తున్నాయి. నాలుగోసారి కొట్టాను.

జూలై 2

లావణ్య వచ్చింది. నన్ను చూడగానే ఆయా రుక్కమ్మ కొంగు వెనక్కి పోయింది. చేతిలో ఉడికిన గుడ్డు. తినదు, కదలదు.

మిగిలిన రంగు డబ్బాలు తీసుకుని బయటికి వచ్చాను.

కిటికీలోంచి చూశాను. తింటోంది.